శాటిలైట్ ఫోన్ కంపెనీ వెబ్‌సైట్ బాగా లేదని చిన్న వాటాదారు ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి

మీ ప్రశ్న నిన్న రాత్రి చదివాను. జవాబు పొడుగైంది, కొంచెం ఓపిక పట్టండి. తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెబుతాను.

మీరు అచ్చంపేటలో ఉంటారు, అమ్రాబాద్ వైపు బడిలో టీచర్. రెండేళ్ల కింద యాప్ ద్వారా ఒక అమెరికా శాటిలైట్ ఫోన్ కంపెనీ షేర్లు 35 కొన్నారు. మన్ననూరు దాటి నల్లమలలోకి వెళ్తే సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి, ఆ కంపెనీ ఫోనే ఒకటి కొందామని దాని వెబ్‌సైట్ తెరిచారు. ప్రపంచ పటంలో ఇండియా మొత్తానికీ రంగు వేసి ఉంది. ఫోన్ ధర లేదు, నిమిషానికి ఎంతో లేదు. 'కొనండి' అన్నచోట నొక్కితే డీలర్ల జాబితా వచ్చింది, అందులో మన దేశం వాళ్లెవరూ లేరు. కోపం వచ్చి వాళ్ల ఫారంలో పెద్ద ఉత్తరమే రాశారు. 'మీ అభిప్రాయానికి ధన్యవాదాలు' అని ఆటోమేటిక్ జవాబు ఒకటి వచ్చి ఊరుకుంది. 35 షేర్లవాడి మాట ఎవరైనా వింటారా, వినాలంటే ఎలా రాయాలి అన్నది మీ ప్రశ్న.

వింటారు. మీరు పంపిన చోట వినరు, అంతే. ఎక్కడ వింటారో కింద రాస్తాను. అంతకన్నా ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది. మీ ఉత్తరంలో ఎనిమిది ఫిర్యాదులు ఉన్నాయి. వాటిలో అసలైనది మీరు దాదాపు గమనించకుండా దాటేశారు. అది ఆ రంగు వేసిన పటం.

నేను ఏ హోదాలో మాట్లాడుతున్నానో చెప్పాలి కదా. మాది దేవరకొండ. 1991లో రేడియో ఆఫీసర్‌గా ఓడ ఎక్కాను. అప్పటికి మోర్స్ కీ ఇంకా టేబుల్ మీదే ఉంది. 1999 ఫిబ్రవరి 1 నుంచి ఓడలన్నిటికీ జీఎండీఎస్ఎస్ అనే కొత్త అత్యవసర సమాచార పద్ధతి పూర్తిగా వచ్చింది, దాంతో రేడియో ఆఫీసర్ ఉద్యోగమే మెల్లగా కనుమరుగైంది. నేను ఎలక్ట్రికల్ పనిలోకి మారి 2017 దాకా ఓడల మీదే ఉన్నాను. ఓడలకు ఉపగ్రహం ద్వారా ఫోన్ కలిపే ఇన్‌మార్‌శాట్ కంపెనీ డోమ్‌లు (యాంటెన్నా ఉండే గుండ్రటి గోళాలు) విప్పి బాగుచేశాను, చేతిలో పట్టుకునే శాటిలైట్ ఫోన్లు మూడు కంపెనీలవి వాడాను. 2012 నుంచి ఈ రంగం షేర్లు కొద్దికొద్దిగా కొంటున్నాను. అంటే కస్టమర్‌గా, వాటాదారుగా రెండు వైపులా డబ్బు పెట్టినవాణ్ణి.

ముందు ఒక మాట గట్టిగా చెబుతున్నాను. ఆ ఫోన్ కొనకండి, అమెరికాలో ఉన్న బంధువులతోనూ తెప్పించుకోకండి. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ దగ్గర ఉంచుకోవడమే నేరం. 2008 నవంబర్ ముంబై దాడుల్లో టెర్రరిస్టులు శాటిలైట్ ఫోన్ వాడిన తర్వాత ఈ విషయంలో పట్టు బాగా బిగిసింది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ చట్టం కింద కేసులు పెట్టేవారు, 2023లో కొత్త టెలికమ్యూనికేషన్స్ చట్టం కూడా వచ్చింది. తురాయా, ఇరిడియం అనే కంపెనీల శాటిలైట్ ఫోన్లతో దిగిన విదేశీయులను మన ఎయిర్‌పోర్టుల్లో ఆపడం, అరెస్టు చేయడం చాలాసార్లు జరిగింది. మాట్లాడే ఫోన్ కాకుండా, కొండలెక్కేవాళ్లు మెసేజ్ పంపుకునే అరచేతి పరికరం ఉన్నవాళ్లకూ ఇదే కష్టం వచ్చింది. బ్రిటన్ ప్రభుత్వం ఇండియాకు వెళ్లే తన పౌరులకు ఇచ్చే సలహాల్లో ఈ హెచ్చరిక ప్రత్యేకంగా రాసింది. మన దగ్గర చట్టబద్ధంగా దొరికే దారి బీఎస్‌ఎన్‌ఎల్ ఇన్‌మార్‌శాట్ ఉపగ్రహాల మీద 2017లో మొదలుపెట్టిన సర్వీసు. అది కూడా మొదట ప్రభుత్వ శాఖలకే ఇచ్చారు, అనుమతి కాగితాలు తప్పనిసరి.

ఓడ మీద మాకు ఇది రోజువారీ సంగతి. ముంబైకో విశాఖకో వచ్చేముందు చేతి శాటిలైట్ ఫోన్ ఎవరి దగ్గర ఉన్నా కెప్టెన్‌కు అప్పగించాలి, కాగితం మీద రాసి చూపించాలి. ఒకసారి మా ఓడలో ఫిలిప్పీన్స్ కుర్రాడు ఒకడు చెప్పడం మరిచిపోయాడు. రేవులో తనిఖీవాళ్లు వచ్చి అడిగాకే వాడికి గుర్తొచ్చింది. ఆ రోజంతా వాడి టెన్షన్ చూడలేకపోయాం. 'వెబ్‌సైట్‌లో ఇండియాలో పనిచేస్తుందని ఉంది సార్' అని వాడు పదిసార్లు అన్నాడు. వాడు అబద్ధం చెప్పలేదు. పటంలో నిజంగానే అలా ఉంది.

ఇప్పుడు మీ కంపెనీ పటం సంగతికి వస్తాను. ఆ రంగు చెప్పేది ఒక్కటే, అక్కడి ఆకాశంలో సిగ్నల్ ఉందని. అందులో తప్పేమీ లేదు. ఇరిడియం సంగతి తీసుకుంటే దాని 66 ఉపగ్రహాలు సుమారు 780 కిలోమీటర్ల ఎత్తులో ధ్రువాల మీదుగా తిరుగుతూ ఒకదానికొకటి కాల్ అందించుకుంటాయి. కాబట్టి అచ్చంపేట మీద కూడా ప్రతి నిమిషం ఏదో ఒక ఉపగ్రహం ఉంటుంది. కానీ మామూలు మనిషి ఆ రంగును 'ఇక్కడ వాడుకోవచ్చు' అని చదువుకుంటాడు. టీచర్‌గా ఉన్న మీరే అలా చదివారు, డబ్బు పెట్టి కొనబోయారు. ఇండియాకు రంగు ఎలాగూ వేస్తారు, వేయనివ్వండి. దాని మీద చిన్న గీతో, చుక్కో పెట్టి 'ఇక్కడ ప్రభుత్వ అనుమతి లేకుండా వెంట తీసుకెళ్లకండి' అని రాయడానికి ఎంత పని? ఆ ఒక్క వాక్యం లేక కస్టమర్ జైలు గడప తొక్కితే వాడు ఇక ఆ కంపెనీ మొహం చూడడు, వాడి కథ పేపర్లో చదివిన పదిమందీ చూడరు. వాటాదారుగా మీకు నష్టం అక్కడ. మీ ఉత్తరానికి ప్రాణం ఇదే కావాలి.

మీరు రెండో ఫిర్యాదుగా రాసిన ధర సంగతి కొంచెం వేరు. ధర లేకపోవడం చూసి 'ఏదో దాస్తున్నారు' అని రాశారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. ఈ కంపెనీల్లో చాలావరకు హోల్‌సేల్ వ్యాపారం చేస్తాయి. మిర్యాలగూడ రైస్ మిల్లు బియ్యం బస్తా మీద చిల్లర ధర వేయదు కదా, అమ్మే దుకాణాన్ని బట్టి ధర ఉంటుంది. ఇక్కడా అంతే. కంపెనీ నిమిషాలను డీలర్లకు అమ్ముతుంది, డీలర్ తన లాభం వేసుకుని మనకు అమ్ముతాడు. కంపెనీయే సైట్‌లో ధర పెడితే డీలర్లు ఊరుకోరు. కాబట్టి 'ధర పెట్టండి' అని రాస్తే 'అది మా డీలర్ల ఇష్టం' అన్న ఒక్క వాక్యంతో మీ ఉత్తరం ముగిసిపోతుంది. అడగాల్సింది ఖర్చుల రకాల గురించి. ఫోన్ కొన్న తర్వాత కస్టమర్ జేబులోంచి ఏయే రకాలుగా డబ్బు పోతుందో ఒక్క పేజీలో చెప్పమనండి. అంకెలు లేకపోయినా ఫరవాలేదు.

దీని వెనక నా సొంత అనుభవం ఉంది. 2013లో నేను ఒక విదేశీ రేవులో డీలర్ దగ్గర ప్రీపెయిడ్ వోచర్ కొన్నాను. నిమిషాలు ఎన్నో పెద్ద అక్షరాల్లో ఉంది, గడువు ఎక్కడా కనబడలేదు. ముప్పై రోజుల తర్వాత మా నాన్న దవాఖానలో ఉన్నాడని తెలిసి ఫోన్ తీస్తే బ్యాలెన్స్ సున్నా. వాడుకోని నిమిషాలన్నీ పోయాయి. కంపెనీ వెబ్‌సైట్‌లో వెతికితే ఆ గడువు విషయం ఐదారు నొక్కుళ్ల తర్వాత ఒక పీడీఎఫ్‌లో దొరికింది. ఇంకో ఖర్చు చాలామందికి తెలియదు. ఇంటివాళ్లు మనకు చేసే కాల్. ఇరిడియం నంబర్లు 8816తో, ఇన్‌మార్‌శాట్ నంబర్లు 870తో మొదలవుతాయి. ఇవి ఏ దేశం కోడ్‌లూ కావు, ఉపగ్రహ నెట్‌వర్క్‌ల కోడ్‌లు. మామూలు ఐఎస్‌డీ అనుకుని దేవరకొండ నుంచి మా తమ్ముడు చేస్తే వాడి బిల్లు చూసి ఇంట్లో అందరూ భయపడ్డారు. ఆ తర్వాత ఓడ నుంచి నేనే చేయాలి తప్ప ఇంటి నుంచి ఎవరూ చేయకూడదని నియమం పెట్టుకున్నాం. ఇలాంటివి ముందే చెప్పే పేజీ ఉంటే కస్టమర్ మనసు విరగదు, రెండో ఏడాది కూడా వోచర్ కొంటాడు.

మూడోది మీరు రాయలేదు, కానీ తప్పక చేర్చండి. ఫోన్ ఎక్కడ పనిచేయదో ఆ సైట్‌లో ఉందా? చాలా సైట్లలో మంచు కొండ మీద నిలబడి నవ్వుతూ మాట్లాడే మనిషి ఫొటో ఉంటుంది. శాటిలైట్ ఫోన్‌కు ఆకాశం కనబడాలి. ఇంటి పైకప్పు కింద, కారులో, దట్టమైన చెట్ల కింద, రెండు గుట్టల మధ్య లోయలో కష్టపడుతుంది లేదా అసలు పనిచేయదు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ టన్నెల్ కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నప్పుడు, నేను ఓడల్లో పనిచేశానని తెలిసినవాళ్లు ఎంతమందో ఫోన్ చేసి 'లోపల శాటిలైట్ ఫోన్ ఉంటే బతికేవాళ్లు కదా' అని అడిగారు. ప్రతి ఒక్కరికీ అదే చెప్పాల్సి వచ్చింది. కొండ లోపల పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో ఏ ఉపగ్రహమూ అందదు, అక్కడికి తీగ వేసిన ఫోన్ కావాలి. అంత బాధలో కూడా జనం అలా నమ్మారంటే, ఈ కంపెనీలు తమ వస్తువు గురించి జనానికి ఎంత తక్కువ చెప్పాయో చూడండి.

మీ నల్లమల సంగతే తీసుకోండి. ఇన్‌మార్‌శాట్ లాంటి వాటి ఉపగ్రహం భూమధ్యరేఖ పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో మనకు కదలకుండా ఒకే చోట ఉన్నట్టు ఉంటుంది. చెలకలో నిలబడి యాంటెన్నా అటు తిప్పితే చాలు, కాల్ నిలబడుతుంది. కానీ మాట పైకి వెళ్లి కిందికి రావడానికి పావు సెకను పడుతుంది, అవతలివాళ్ల జవాబు వచ్చేసరికి అర సెకను. అలవాటు లేనివాళ్లు ఒకరి మీద ఒకరు మాట్లాడేస్తారు. మా అమ్మ అయితే లైన్ కట్ అయిందనుకుని ఫోన్ పెట్టేసేది. ఇరిడియం లాంటి, కింద తిరిగే ఉపగ్రహాల్లో ఆలస్యం దాదాపు తెలియదు, కానీ ఒక్కొక్కటి మన తల మీద పది నిమిషాలు కూడా ఉండదు. ఒకటి కొండ చాటుకు పోయి ఇంకొకటి రాకముందే కాల్ తెగుతుంది. సలేశ్వరం జాతరకు దిగే లోయ లాంటి చోట ఇది తప్పదు. రెండు రకాల్లో ఏది ఎవరికి సరిపోతుందో నాలుగు బొమ్మలతో చెప్పవచ్చు. ఏ అమ్మకపు ప్రకటన కన్నా ఆ నాలుగు బొమ్మలు ఎక్కువ ఫోన్లు అమ్ముతాయని నా నమ్మకం.

'తమ లోపం తామే చెప్పుకుంటే అమ్మకాలు పడిపోవా' అని కంపెనీలోనే ఎవరైనా అనవచ్చు. దానికి ఈ రంగంలోనే ఒక ఉదాహరణ ఉంది, మీ ఉత్తరంలో వాడుకోండి. 2007లో గ్లోబల్‌స్టార్ కంపెనీ తన మొదటి తరం ఉపగ్రహాల్లో ఎస్-బ్యాండ్ యాంప్లిఫయర్లు (సిగ్నల్ బలం పెంచే భాగాలు) అనుకున్నదానికన్నా వేగంగా చెడిపోతున్నాయని, దానివల్ల రెండు వైపులా మాట్లాడే కాల్స్ దెబ్బతింటాయని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థకు ఇచ్చిన పత్రాల్లోనే చెప్పింది. షేరుకు అది పెద్ద దెబ్బ. కానీ కస్టమర్ల కోసం వెబ్‌సైట్‌లో ఒక సాధనం పెట్టింది. మీరు ఉన్న చోటు ఇస్తే బాగున్న ఉపగ్రహం ఏ వేళకు మీ తల మీదికి వస్తుందో అది చెప్పేది. ఆ వేళ చూసుకుని కాల్ చేసుకునేవారు. 2010 నుంచి 2013 మధ్య కొత్త ఉపగ్రహాలు పైకి వెళ్లాయి, ఆ తర్వాత 2022లో ఐఫోన్ 14లో అత్యవసర మెసేజ్ సర్వీసు వచ్చింది గ్లోబల్‌స్టార్ ఉపగ్రహాల మీదనే. ఆ కష్టకాలంలో వెబ్‌సైట్ నిజంగా పనికొచ్చింది, లోపం ఒప్పుకున్నందువల్లే.

దీనికి ఎదురు కథ కూడా ఉంది, అది మన దేశాన్నీ తాకింది. ఇరిడియం 1998 నవంబర్ 1న మొదలైంది. దాదాపు 500 కోట్ల డాలర్లు పెట్టారు. ఫోన్ ధర 3,000 డాలర్ల దగ్గర, నిమిషానికి పలు డాలర్లు, ఇటుకంత సైజు, ఇంట్లోకి తీసుకెళ్తే పనిచేయదు. లోకం తిరిగే వ్యాపారస్తులు ఎగబడి కొంటారని ప్రకటనలు చెప్పాయి, కొన్నవాళ్లు హోటల్ గదిలో ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు. 1999 ఆగస్టులోనే దివాలా పత్రాలు వేశారు. చివరికి ఆ ఉపగ్రహాలన్నీ సుమారు రెండున్నర కోట్ల డాలర్లకు చేతులు మారాయి. పాత వాటాదారులకు మిగిలింది ఏమీ లేదు. ఇప్పుడున్న ఇరిడియం ఆ తర్వాత కొత్తగా లేచిన కంపెనీ, బాగానే నడుస్తోంది. మొదటి ఇరిడియంలో మన దేశ ఆర్థిక సంస్థల డబ్బు కూడా ఇరిడియం ఇండియా టెలికాం పేరుతో వెళ్లింది. పెట్టుబడి అడిగినప్పుడు ఇచ్చిన పత్రంలో తప్పు చెప్పారని ఆ సంస్థ, ఇరిడియాన్ని మొదలుపెట్టిన మోటొరోలా కంపెనీ మీద కేసు వేసింది. బాంబే హైకోర్టు కొట్టేస్తే, 2010 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టి, మోసం లాంటి నేరాల్లో కంపెనీని కూడా విచారించవచ్చని చెప్పింది. మోసం జరిగిందని కోర్టు తేల్చలేదు, విచారణ ఆపడానికి వీల్లేదని మాత్రమే అన్నది. మీ వెబ్‌సైట్ పటాన్ని ఆ కేసుతో పోల్చవద్దు, అది అన్యాయం. కానీ ఈ వ్యాపారంలో 'ఎక్కడైనా పనిచేస్తుంది' అన్న మాట ఎంత ఖరీదైనదో వాటాదారులకు తెలిసి ఉండాలి. అందుకే చెప్పాను.

ఇంకొక విషయం. మీ ఉత్తరంలో 'ఈ సైట్ మామూలు మనుషుల కోసం కాదు, సైన్యం కోసం చేసినట్టు ఉంది' అని నిష్ఠూరంగా రాశారు. అందులో నిజం ఉంది. దానికి కారణం వాళ్ల లెక్కల పుస్తకంలో దొరుకుతుంది. ఇరిడియానికి 2024 చివరికి 24 లక్షలు దాటిన కనెక్షన్లు ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం లారీలకు, కంటైనర్లకు, యంత్రాలకు బిగించి, వాటి సమాచారాన్ని తామే పంపే ఐఓటీ పరికరాలు. అమెరికా ప్రభుత్వంతో 2019లో చేసుకున్న ఒక్క ఒప్పందమే ఏడేళ్లకు 73.85 కోట్ల డాలర్లు. చేతిలో ఫోన్ పట్టుకుని మాట్లాడే మనం ఆ ఆదాయంలో చిన్న ముక్క. మీ కంపెనీ ఏదైనా సరే, దాని వార్షిక నివేదికలో మాట్లాడే ఫోన్ల ఆదాయం మొత్తంలో ఎంతో ఒకసారి చూసి రాయండి. అమెరికాలో లిస్ట్ అయిన కంపెనీ అయితే ఆ నివేదిక అక్కడి స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ వారి ఎడ్గర్ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఆ అంకె మీ ఉత్తరం మొదటి పేరాలో ఉంటే, మీరు చదివి రాశారని అవతలివాళ్లకు వెంటనే తెలుస్తుంది.

ఇక ఎవరికి పంపాలి. 'సంప్రదించండి' ఫారం కస్టమర్ కేర్‌కు పోతుంది, అక్కడ రోజూ వచ్చే ఫిర్యాదుల్లో మీదీ ఒకటి. మీరు రాయాల్సింది ఇన్వెస్టర్ రిలేషన్స్ విభాగానికి. వాళ్ల ఉద్యోగమే వాటాదారులతో మాట్లాడటం. దాని ప్రతి ఒకటి కంపెనీ సెక్రటరీ పేరున కాగితం మీద పోస్టులో పంపండి, అడ్రస్ వార్షిక నివేదిక మొదటి పేజీలోనే ఉంటుంది. కాగితం ఉత్తరాన్ని పడేయడం ఈమెయిల్‌ను పడేసినంత తేలిక కాదు.

మీరు వాటాదారు అని కంపెనీకి తెలియదు. యాప్‌లో కొన్న షేర్లు బ్రోకర్ల పేరు మీద, వాళ్ల డిపాజిటరీ (షేర్లు భద్రంగా ఉంచే సంస్థ) పేరు మీద ఉంటాయి, కంపెనీ రిజిస్టర్‌లో మీ పేరు ఉండదు. అందుకే బ్రోకర్ స్టేట్‌మెంట్ ఒక పేజీ జత చేయండి, ఖాతా నంబర్ కొట్టేసి. 35 షేర్లే కదా అని సిగ్గు పడకండి. సంఖ్యను ఉత్తరం మొదట్లోనే నేరుగా రాయండి, ఎన్నాళ్ల నుంచి ఉన్నాయో కూడా.

కొందరు మిమ్మల్ని 'వార్షిక సమావేశంలో తీర్మానం పెట్టండి' అని ఎగదోస్తారు. అమెరికా నియమాల్లో 14ఏ-8 అని ఒకటి ఉంది. దాని ప్రకారం తీర్మానం పెట్టాలంటే కనీసం 2,000 డాలర్ల విలువైన షేర్లు మూడేళ్లు చేతిలో ఉండాలి, లేదా 15,000 డాలర్లవి రెండేళ్లు, 25,000 డాలర్లవి ఒక ఏడాది. మీకు గడువు కుదరలేదు. కుదిరినా వెబ్‌సైట్ లాంటిది రోజువారీ వ్యాపార విషయం అని కంపెనీ దాన్ని పక్కన పెట్టే హక్కు అదే నియమంలో ఉంది. ఆ దారిలో శ్రమ వృథా. దానికన్నా, చాలా కంపెనీల వార్షిక సమావేశం ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే జరుగుతోంది, వాటాదారులు ప్రశ్న టైప్ చేసి పంపవచ్చు. మీ యాప్ ఓటు హక్కు, సమావేశం కోడ్ ఇస్తుందో లేదో ఇప్పుడే అడిగి ఉంచుకోండి. మూడు నెలలకోసారి జరిగే ఫలితాల కాల్‌లో మాత్రం మామూలుగా బ్రోకరేజీ విశ్లేషకులకే మైక్ ఇస్తారు.

ఉత్తరంలో భవిష్యత్తు గురించి ఏమీ అడగకండి. 'కొత్త ఫోన్ ఎప్పుడు', 'ఇండియా లైసెన్స్ ఎప్పుడు వస్తుంది' లాంటివి. బయటికి చెప్పని ముఖ్యమైన సమాచారం ఒక్క వాటాదారుకు విడిగా చెప్పకూడదని అక్కడ 2000 నుంచి నియమం ఉంది. అలాంటి ప్రశ్న ఒక్కటి ఉన్నా ఆ ఉత్తరం లాయర్ల దగ్గరికి పోతుంది, జవాబు రాదు. మీ మొదటి ఉత్తరంలో అలాంటివి మూడు ఉన్నాయి. రంగులు బాగా లేవు, అక్షరాలు చిన్నవి, సైట్ మెల్లగా తెరుచుకుంటోంది అన్నవి కూడా తీసేయండి. అవి నిజమే కావచ్చు, కానీ వాటి పక్కన పెడితే చట్టం సంగతి కూడా ఒక సణుగుడులా కనబడుతుంది.

ఇంగ్లీషులో రాయండి, ఒక్క పేజీ దాటకూడదు. దాదాపు ఈ అర్థం వచ్చేలా:

'నేను రెండేళ్లుగా మీ కంపెనీలో 35 షేర్లు ఉన్న వాటాదారుని. దక్షిణ భారతంలో అడవి పక్కన ఉంటాను, మా ప్రాంతంలో మొబైల్ సిగ్నల్ నిలకడగా ఉండదు. ఫలానా తేదీన మీ ఫోన్ కొనాలని మీ సైట్‌కు వచ్చాను. కవరేజీ పటంలో ఇండియా ఉంది. ఇండియాలో ప్రభుత్వ అనుమతి లేకుండా మీ ఫోన్ దగ్గర ఉంచుకోవడం నేరమని ఆ పేజీలో గానీ, కొనే పేజీలో గానీ నాకు కనబడలేదు. నేను కొని ఉంటే ఎయిర్‌పోర్టులో ఆగిపోయే అవకాశం ఉండేది. పటం పక్కన దేశాలవారీగా అనుమతి నియమాలు చూపమని కోరుతున్నాను. రెండో విషయం, వోచర్ గడువు, ఇంటి నుంచి చేసే కాల్‌కు అయ్యే ఖర్చు, నెలవారీ రుసుము ఉన్నాయో లేవో ఒకే పేజీలో చెప్పండి, ధరలు డీలర్లకే వదిలేయండి. మూడో విషయం, ఫోన్ ఎక్కడ పనిచేయదో చెప్పే పేజీ ఒకటి పెట్టండి. మీ నివేదిక ప్రకారం మాట్లాడే ఫోన్ల ఆదాయం మొత్తంలో ఇంత. ఈ మూడు మార్పులు ఆ ఆదాయాన్ని కాపాడతాయని నా అభిప్రాయం. ఈ ఉత్తరాన్ని ఏ విభాగానికి పంపారో తెలియజేస్తే చాలు.'

చివరి వాక్యం మరిచిపోకండి. 'మార్చండి' అంటే వాళ్లు మాట ఇవ్వలేరు. 'ఎవరికి పంపారో చెప్పండి' అంటే ఒక మనిషి ఆ ఉత్తరాన్ని ఇంకో మనిషికి పంపక తప్పదు. 2016లో నేను షేర్లున్న ఒక కంపెనీకి వోచర్ గడువు గురించి ఇలాగే రాశాను. అంతకు ముందు ఏడాది మీలాగే కోపంతో నాలుగు పేజీలు రాస్తే ఉలుకూ పలుకూ లేదు. ఈసారి రెండు వాక్యాల జవాబు వచ్చింది, ఉత్పత్తుల విభాగానికి పంపామని. ఏడెనిమిది నెలల తర్వాత చూస్తే వోచర్ పక్కనే రోజుల సంఖ్య కనబడింది. నా ఉత్తరం వల్లనే అని చెప్పలేను, ఇంకా ఎంతమంది రాశారో. కానీ ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఏ డివిడెండ్ వచ్చినప్పుడూ కలగలేదు.

ఆరు వారాలు చూడండి. జవాబు రాకపోతే అదే ఉత్తరాన్ని కొత్త తేదీతో మళ్లీ పంపండి, ఒక్క మాట కూడా ఘాటుగా మార్చకుండా. ఇంకొకటి, ప్రశ్నలో మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. ఒక్క విదేశీ షేరు ఉన్నా ఆదాయపన్ను రిటర్న్‌లో విదేశీ ఆస్తుల షెడ్యూల్ ఎఫ్ఏ నింపాలి. మన దగ్గర జీతం వచ్చే చాలామంది టీచర్లు సులువైన ఫారం వేసి ఇది వదిలేస్తున్నారు. పోయిన ఏడాది మీరు ఏ ఫారం వేశారో ఈ వారంలోనే చూసుకోండి.

ఆ కవరేజీ పటం పేజీని తేదీ కనబడేలా ఈ రోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, కొనే పేజీని కూడా. ముసాయిదా రాశాక ఇక్కడే పెట్టండి. ఇంగ్లీషు నేను సరిచేసి ఇస్తాను.